అనంతగిరి దిగుడు

విశాఖపట్టణమున కాపురముండువారికి అరకులోయకు పోయివచ్చుట గొప్ప విశేషము కాదు. చలికాలము వచ్చినదన్న ఇరుగుపొరుగులలో సగము మంది ఒకసారియైనను ఆ కొండ యెక్కి వత్తురు. ఎక్కుటను గూర్చియు, అచ్చటి చూడదగిన చోట్లను గూర్చియు చెప్పువారు పెక్కండ్రు గలరు. దిగుటను గూర్చి చెప్పువారే తక్కువ. 2025వ సంవత్సరము జనవరి మాసమున, సంక్రాంతి పండుగ వెళ్లిన వారమునకు, మేము ఆ కనుమ దిగుచు కొంత భయమును, పిమ్మట కొంత జ్ఞానమును సంపాదించితిమి. అది సోదరీమణులకు ఉపయోగపడునను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కారునకు అప్పటికి పదునాలుగు నెలలు. కొన్ననాడే సంపత్ వినాయకుని గుడికి తీసికొనిపోయి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించి, పూజ చేయించితిమి. మొత్తము 16,000 కిలోమీటర్లు తిరిగినది. పట్టణములో దానిని నడుపునది మేమే. అమ్మాయిని బడికి దింపుట, అత్తగారిని వైద్యుని యొద్దకు తీసికొనిపోవుట, బజారు పనులు అన్నియు దానితోనే. క్రొత్త కారు గదా, దానికేమి లోపముండునని మాకు ధీమా.

ఆనాడు మా వారు, మా అత్తగారు, తొమ్మిదేండ్ల అమ్మాయి, మేము తెల్లవారుజామున బయలుదేరితిమి. విశాఖ నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరి, అచ్చట ఇడ్డెనలు తిని, కాఫీ త్రాగితిమి. బొడ్డవర దాటిన పిమ్మట నేల మెల్లగా పైకి లేచును. త్యాడ వచ్చుసరికి ఇరువైపుల చెట్లు దగ్గరపడి, కిటికీ అద్దము దించినచో చల్లని పచ్చి వాసన లోనికి వచ్చును. ఒక మలుపు తిరిగినచో లోయ కుడివైపునకు, ఇంకొక మలుపు తిరిగినచో ఎడమవైపునకు మారుచుండును. ఎక్కునప్పుడు మా వారు నడిపిరి. మేము కిటికీ యొద్ద కూర్చుండి, పొడవైన సిల్వరోకు చెట్ల నీడను పెరుగు కాఫీ మొక్కలను, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగెలను అమ్మాయికి చూపుచుంటిమి.

దారిలో బొఱ్ఱా గుహలకు తిరిగితిమి. సున్నపురాతిని నీరు తొలిచి, వేల యేండ్లుగా బొట్టుబొట్టుగా కట్టిన ఆ స్తంభములను చూచినచో మనుష్యుని తొందరపాటు హాస్యాస్పదముగా తోచును. గోస్తనీ నది ఈ కొండలనుండియే పుట్టి భీమునిపట్టణము చెంత సముద్రమున కలియును. అత్తగారు మెట్లు దిగలేక పైననే కూర్చుండిరి. మేము తిరిగి వచ్చుసరికి ఆమె అమ్మాయిని పిలిచి, దూరముగా పోవుచున్న గూడ్సు బండిని చూపుచుండిరి. అది కొత్తవలస నుండి కిరండూల్ వరకు పోవు మార్గము. బైలదిల్లా గనుల యినుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960 తరువాతి దశకమున ఈ కొండలను తొలిచి వేసినది. యేబదికి పైగా సొరంగములు గలవు. వట్టి పెట్టెలతో ఎక్కి, నిండు బరువుతో దిగుట ఈ బండ్ల పని. "అంత బరువుతో దిగితే దాన్ని ఎవరు పట్టుకుంటారు?" అని అమ్మాయి అడిగెను. "బ్రేకులు" అని మేము చెప్పితిమి. ఆ సమాధానము సగమే నిజమని మాకప్పటికి తెలియదు.

అరకులో ఒక రాత్రి యుంటిమి. అది యిప్పుడు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. వలిసె పూవుల కాలము ముగిసినది గాని, గిరిజన మ్యూజియమును, పద్మాపురము తోటను చూచితిమి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అచ్చటి కాఫీ పొడిని రెండు పొట్లములు కొంటిమి. మరునాడు మధ్యాహ్నము భోజనము చేసి తిరుగుప్రయాణమైతిమి. దిగునప్పుడు కారు మేము నడుపుదుమని చెప్పి, నడుపు స్థానమున కూర్చుంటిమి.

గాలికొండ దాటిన పిమ్మట దారి క్రిందికి వాలినది. మేము నాలుగవ గేరులో కారును వదలి, ఎడతెగక బ్రేకు మీద కాలు మోపి, నెమ్మదిగా పోవుచుంటిమి. నెమ్మదిగా పోవుటయే జాగ్రత్త యని మా యెరుక. అనంతగిరి దాటిన కొంతసేపటికి ఎడమవైపు ముందు చక్రమునుండి సన్నని కీచుధ్వని వినిపించెను. కొంతసేపటికి మాడు వాసన వచ్చెను. "ఏదో మాడుతోందే అమ్మాయీ" అని అత్తగారనిరి. ముందు పోవు లారీది కాబోలునని సమాధానము చెప్పితిమి. ఆ లారీ ప్రక్కకు తొలగిపోయిన తరువాత గూడ వాసన మమ్ము విడువలేదు.

ఒక మలుపున ఎదురుగా బస్సు వచ్చినది. మేము బ్రేకు త్రొక్కితిమి. పెడలు మునుపటివలె గట్టిగా నిలువక, మెత్తని దిండువలె లోనికి పోయెను. మరల గట్టిగా త్రొక్కితిమి. కారు నిలిచినది. బస్సునకు, మాకు మధ్య బారెడు స్థలము మిగిలినది. కారులో ఎవ్వరును మాటలాడలేదు. వెనుక సీటున అత్తగారు అమ్మాయిని తమ ఒడిలోనికి లాగికొని పట్టుకొనియుండిరి. ఆ దృశ్యమును అద్దములో చూచిన క్షణము మేమిప్పటికిని మరువలేదు.

మొదటి గేరులో నత్తవలె పోయి, కొంచెము వెడల్పైన చోట, ఒక చిన్న కాఫీ కొట్టు ప్రక్కన ఆగితిమి. ఎడమ చక్రము నుండి సన్నగా పొగ వచ్చుచుండెను. మా వారు నీళ్ల సీసా తెచ్చి మూత తీయుచుండగా, కొట్టులోని యామె పరుగున వచ్చి వారించెను. "నీళ్లు పొయ్యకండి బాబూ. కాలిన పెనం మీద నీళ్లు పోస్తే ఏమవుద్ది? ఇదీ అంతే. రాయి అడ్డం పెట్టి, గేర్లో ఉంచి వదిలెయ్యండి. గంట ఆగితే అదే చల్లారుద్ది" అనెను. ఎఱ్ఱగా కాలిన యినుము మీద చన్నీరు పడినచో వంకరపోవుననియు, పగులుననియు వంటయింట మాకు తెలిసిన సంగతియే. చక్రము దగ్గర అది మాకు జ్ఞప్తికి రాలేదు!

ఆ గంటసేపు రాతిమీద కూర్చుండి కాఫీ త్రాగుచుండగా అత్తగారు తమ చిన్ననాటి మాట చెప్పిరి. శ్రీకాకుళము జిల్లాలోని వారి పల్లెనుండి సంతకు పోవు దారిలో పెద్ద వాలు ఉండెడిదట. అచ్చటికి వచ్చుసరికి వారి నాయనగారు బండి దిగి, కాడి పట్టుకొని, ఎద్దులను అడుగులో అడుగు వేయించుచు నడిపించెడివారట. "వాలులో బండిని ఆపేవి ఎద్దులే అమ్మాయీ. అవి వెనక్కి నిలదొక్కుకుంటేనే బండి ఆగుతుంది. వాటిని వదిలేసి చక్రాన్ని పట్టుకుంటానంటే ఎవరి తరం?" అనిరి. మేము ఆ మాటను ఊరడింపుగా మాత్రమే వింటిమి. చల్లారిన పిమ్మట మా వారు రెండవ గేరులో దించుకొనివచ్చిరి. చీకటిపడిన తరువాత ఇల్లు చేరితిమి.

మరునాడు కారును కొన్నచోటికి పంపితిమి. ముందు చక్రముల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయినవి, మార్చవలెనని చెప్పిరి. పదునాలుగు నెలలకే అరుగుటయేమి, వీని యాయువు సాధారణముగా 40,000 కిలోమీటర్లకు తక్కువ యుండదని చెప్పుదురు గదా యని అడిగితిమి. "ఇవి వాడకంలో అరిగే వస్తువులు, వారంటీలోకి రావు. నడిపే తీరునుబట్టి ఉంటుంది" అని చెప్పి, ఆ చిన్నవాడు చిరునవ్వుతో, "ఎక్కువగా మేడమ్ గారే నడుపుతారా?" అని మా వారిని అడిగెను. మేము అచ్చటనే నిలిచియుంటిమి. ప్రశ్న మాత్రము మమ్ము అడుగలేదు.

ఆ ప్రశ్న మాతో ఇంటికి వచ్చినది. ఫోనులో బావగారు, "ఆడవాళ్ల కాలు బ్రేకు మీదే ఉంటుంది" అని నవ్విరి. మా వారు ఏమియు అనలేదు; అది వారి మంచితనము. కాని గోడకున్న కొక్కెము మీద ఉండవలసిన కారు తాళము వారి చొక్కా జేబులోనికి చేరినది. అమ్మాయి బడికి ఆటోలో పోవుట ఆరంభించినది. మాకు కోపము కంటె సందేహము ఎక్కువ బాధించెను. నిజముగా మా చేతకానితనము చేతనే ఆ ముగ్గురి ప్రాణములు ఆ మలుపువరకు పోయినవా? ఔనన్నచో ఇకమీదట నడుపకుండుట న్యాయమే. కాదన్నచో ఎవరో చెప్పిన మాటకు తలవంచుట అన్యాయము. ఏది నిజమో తెలిసికొనవలెనని నిశ్చయించితిమి.

అదృష్టవశమున, తీసివేసిన పాత ప్యాడ్లను అడిగి తెచ్చియుంటిమి. వానిని ఒక సంచిలో వేసికొని, కంచరపాలెమున చిన్న షెడ్డు నడుపు ఒక ముసలి మెకానిక్కు నొద్దకు పోతిమి. ఆయన నాలుగింటిని పాత పేపరు మీద వరుసగా పరచి, మా అమ్మాయి పెట్టెలోని స్కేలు పెట్టి కొలిచెను. ఇట్టి కారునకు క్రొత్త ప్యాడు మందము పది మిల్లీమీటర్లట. కుడి చక్రము ప్యాడ్లు రెండును దాదాపు సమానముగా అయిదేసి మిగిలినవి. ఎడమ చక్రమున వెలుపలిది ఆరు మిగిలినది. లోపలిది మాత్రము ఒక్కటి! మూడు మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే మార్చవలసిన వస్తువది.

"నడిపినవాళ్ల తప్పే అయితే నాలుగూ ఇంచుమించు సమంగా అరగాలమ్మగారూ. ఒక్కటే ఇలా అరిగిందంటే చక్రం దగ్గరే ఏదో పట్టేసింది" అని ఆయన చెప్పెను. పిమ్మట చక్రము విప్పి చూపెను. తిరుగు డిస్కును రెండు ప్యాడ్లు రెండు ప్రక్కల నుండి పట్టకారువలె నొక్కును. ఆ పట్టకారును కాలిపర్ అందురు. అది అటునిటు జరుగుటకు రెండు పిన్నులు గలవు. పిన్నులు గ్రీజుతో జారుచుండినచో, కాలు తీయగానే పట్టు సడలును. అవి తుప్పు పట్టినను, గ్రీజు ఎండినను, పట్టకారు జరుగక, లోపలి ప్యాడు డిస్కును ఒరసికొనుచునే యుండును. మా యెడమ చక్రపు పిన్నులలో ఒకటి చేతితో కదలించిన కదలనేలేదు. దానిపై రబ్బరు తొడుగు సరిగా కూర్చుండక, తడి చేరి తుప్పు పట్టినది. సముద్రపు గాలి గల మా ఊరిలో తుప్పు ఎంత త్వరగా పట్టునో వేరుగా చెప్పనక్కరలేదు. క్రొత్త ప్యాడ్లు వేసినవారు ఈ పిన్నును చూడనే లేదు. అట్లే విడిచినచో అవియును కొన్ని నెలలలో పాతవాని దారియే పట్టును.

మా మనస్సు తేలికపడినది. అంతలో ఆయన కుడి చక్రపు ప్యాడ్లను చేతిలోనికి తీసికొని, "ఇవి మాత్రం మీవేనమ్మగారూ. పదహారు వేలకి సగం అరగకూడదు. కాలు ఊరికే బ్రేకు మీద పెట్టి నడుపుతున్నారు" అనెను. సత్యము రెండు ముక్కలుగా వచ్చినది. రెంటిని పుచ్చుకొనక తప్పలేదు.

కొలతలను ఒక కాగితము మీద వ్రాసి, ఛాయాచిత్రములు జతచేసి, కారు కొన్నచోట పెద్దవానికి ఇచ్చితిమి. కోపముగా ఒక మాటయు వ్రాయలేదు. ఏ ప్యాడు ఎంత మిగిలినదో, ఏ పిన్ను కదలలేదో అంతమాత్రమే వ్రాసితిమి. వారమువరకు జవాబు లేదు. రెండుసార్లు స్వయముగా పోయితిమి. తుదకు ఎడమవైపు కాలిపర్‌ను, ఆ చక్రపు ప్యాడ్ల ఖరీదును వారు భరించిరి. కుడివైపు ప్యాడ్ల ఖరీదు మేము చెల్లించితిమి. అది న్యాయమని మాకు తోచెను. ఆ సాయంకాలము మా వారు జేబులోని తాళము తీసి కొక్కెమునకు తగిలించుచు, "నా కాలు కూడా బ్రేకు మీదే ఉంటుందిలే" అనిరి.

ఇక అనంతగిరిలో జరిగిన దేమనగా: మనుష్యులతో, సామానుతో కారు బరువు సుమారు పదునైదు క్వింటాళ్లు. అది వేయి మీటర్ల యెత్తునుండి దిగునప్పుడు పుట్టు శక్తి యంతయు ఎక్కడికో పోవలెను గదా. లెక్క వేసి చూచినచో, ఆ శక్తితో సుమారు యేబది లీటర్ల చన్నీటిని మరుగు స్థితికి తేవచ్చును. ఇంటిల్లిపాదికి తలంటి నీళ్లన్నమాట! ఇంత వేడిలో అధిక భాగమును అరచేతియంత ప్యాడ్ల మీదనే మేము మోపితిమి. అందులో ఒకటి ముందే మాసములుగా ఒరసికొని అరిగిపోయినది. మితిమీరి కాగిన ప్యాడు పట్టు కోల్పోవును. వేడి బ్రేకు నూనెకు గూడ ఎక్కును. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన కొలది త్వరగా మరుగును. డాట్ 4 అను రకము క్రొత్తదైనప్పుడు కనీసము 230 డిగ్రీలకు గాని మరుగదు. తేమ చేరినచో 155 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగి ఆవిరి బుడగలు పుట్టినచో పెడలు మెత్తబడి లోనికి పోవును. అందుచేతనే దానిని రెండేండ్లకొకసారి మార్పింతురు.

అత్తగారు చెప్పిన ఎద్దులు కారులో ఇంజనులోనే యున్నవి. దిగునప్పుడు రెండవ గేరులోగాని, వాలు మిక్కుటమైనచో మొదటి గేరులోగాని పెట్టి, క్లచ్చి మీద కాలు వేయకుండినచో, ఇంజనే కారును వెనుకకు పట్టును. న్యూట్రలులో పెట్టి దిగుట పెట్రోలు ఆదాయని తలంచుట పొరపాటు. అది ఎద్దులను విప్పివేసి బండిని వాలులో తోయుటయే. తమంతట గేర్లు మార్చుకొను కార్లలో గూడ క్రింది గేరు నిలుపు ఏర్పాటుండును, దానిని వాడవలెను. బ్రేకును మలుపునకు ముందు గట్టిగా కొంచెముసేపు త్రొక్కి, పిమ్మట పూర్తిగా విడువవలెను. బొఱ్ఱా యొద్ద చూచిన ఖనిజపు బండి గూడ వట్టి బ్రేకులతో దిగదట. విద్యుత్తు ఇంజను తన మోటారులనే వెనుకకు లాగు బలముగా మార్చుకొని దిగునని పిమ్మట తెలిసికొంటిమి. అమ్మాయికి నాడు చెప్పిన సగము సమాధానమును అప్పుడు పూర్తి చేసితిమి.

సోదరీమణులారా, మీ కారు క్రొత్తదైనను, సర్వీసునకు పంపినప్పుడెల్ల నాలుగు చక్రముల ప్యాడ్లు ఎంతెంత మిగిలినవో కాగితము మీద వ్రాసి యిమ్మని అడుగుడు. పిన్నులను శుభ్రపరచి, వానికి తగిన గ్రీజు పెట్టించుడు. మార్చిన పాత వస్తువును తప్పక చూపించుకొనుడు. కొంతదూరము నడిపిన పిమ్మట, తాకకుండ, చక్రముల దాపున అరచేయి ఉంచి చూచినచో, ఒకటి మాత్రము ఎక్కువ వేడిగా నున్నదేమో తెలియును. కీచుధ్వనిని పాటకు శ్రుతివలె అలవాటు చేసికొనకుడు; చాల ప్యాడ్లలో అది అరుగుదలను తెలుపుటకే అమర్చిన రేకు చేయు చప్పుడు.

అదే సంవత్సరము అక్టోబరు నెలాఖరున, వలిసె పూవులు కొండవాలు నిండ పసుపు ఆరబోసినట్లు పూచియుండగా, మరల అరకు పోతిమి. దిగునప్పుడు మేమే నడిపితిమి. గాలికొండ దగ్గర రెండవ గేరులో పెట్టితిమి. ఇంజను కొంచెము బిగ్గరగా మూలిగినది గాని, కారు ఎద్దుల బండివలె నిదానముగా దిగినది. ఆ కాఫీ కొట్టు దగ్గర ఆగి, రెండు ముందు చక్రముల దాపున చేయి పెట్టి చూచితిమి; రెండును సమానముగా గోరువెచ్చగా నుండెను. కొట్టులోని యామె మమ్ము గుర్తుపట్టి నవ్వినది. ఆమెకు ఒక చీరె తీసికొనిపోయి యుంటిమి.

మిగిలిన కనుమంతయు దిగువరకు కారులో మాటలు లేవు. ఈసారి భయముచేత కాదు. మా అత్తగారు వెనుక సీటున సుఖముగా నిద్రపోవుచుండిరి. శృంగవరపుకోట వచ్చిన తరువాత గాని ఆమె కన్ను తెరవలేదు.